ఇంటి వెనక ఇరవై సెంట్లు

కృష్ణా డెల్టాలో ఇద్దరు కలిస్తే మాట పొలం దగ్గరికి చేరకుండా ఉండదు. ఎన్నెకరాలు, ఎన్ని బస్తాలు, ఎకరం ఎంత పలుకుతోంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి అడ్డంగా ఆనకట్ట లేచినప్పటి నుంచి ఇక్కడి బతుకు లెక్క ఎకరాల్లోనే నడుస్తోంది. అయితే ధాన్యం ధర పడిపోయిన ఏడూ, తుపానుకి చేలు నేలవాలిన ఏడూ పొయ్యి ఆరకుండా చూసింది మాత్రం ఇంటి వెనకున్న దొడ్డి. ఒక గేదె, నాలుగు పాదులు, అరడజను కోళ్ళు, ఒక గడ్డివామి. దాని లెక్క ఏ పుస్తకంలోనూ కనపడదు. ఆ పని చేసే ఆడవాళ్ళని ఎవరూ ఆ లెక్క అడగలేదు.

గోలెంలో చెయ్యి

తెల్లవారుజాము నాలుగున్నర. పామర్రు దాటి కూచిపూడి వైపు వెళ్ళే దారిలో, కాలువ గట్టుని ఆనుకుని ఉంటుంది మా పిన్ని వాళ్ళ ఊరు. ఆవిడ పెరటి తలుపు గడియ తీసిన చప్పుడుకే చావిట్లో గేదె లేచి నిలబడుతుంది. దూడ గునుస్తుంది. "వస్తున్నానమ్మా, వస్తున్నా" అంటూ పిన్ని నేరుగా కుడితి గోలెం దగ్గరికి వెళ్తుంది.

కుడితి గోలెం చూడనివాళ్ళు ఇప్పుడు చాలామందే ఉంటారు కాబట్టి వివరంగా చెప్పాలి. మోకాలి ఎత్తు సిమెంటు గోలెం. నిన్నటి బియ్యం కడిగిన నీళ్ళు, మినప్పప్పు నానబోసి కడిగిన పొట్టు, బీరకాయ చెక్కు, అరటిపండు తొక్కలు, మిగిలిన మజ్జిగన్నం, అన్నీ అందులోకే వెళ్తాయి. గంజి వార్చే రోజుల్లో గంజి కూడా. కుక్కర్లు వచ్చాక కుడితి పల్చబడిందని పిన్ని బాధ. గేదె లేని పక్కింటివాళ్ళు కూడా పొద్దున్నే ఓ బకెట్ తెచ్చి ఇందులోనే పోస్తారు, ఎప్పుడైనా ఓ గ్లాసు చిక్కటి మజ్జిగ పట్టుకెళ్తారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం గురించి ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

పిన్ని అందులో రెండు దోసిళ్ళ తవుడు, నానబెట్టిన చెక్క, కాసిని ఉప్పురాళ్ళు వేసి మోచెయ్యి దాకా ముంచి కలుపుతుంది. తెడ్డుతో కలపొచ్చు కదా అని చిన్నప్పుడు అడిగాను. "తెడ్డుకి మేకు తగిల్తే తెలుస్తుందా?" అంది. కుడితిలో పొరపాటున ఏ మేకో తీగముక్కో ఉంటే గేదె నమలకుండానే మింగేస్తుంది. అది పొట్టలోంచి గుండె వైపు గుచ్చుకుంటే ఇక గొడ్డు దక్కదు. అందుకే అడుగంటా వేళ్ళతో తడుముతుంది. ఆ తడమడం అయ్యాకే గేదె మూతి గోలెంలో పడుతుంది. ముక్కు దాకా ముంచి, బుడగలు తేలేలా పీల్చి, చివర్న అడుగు నాకే చప్పుడు వింటూ నిలబడుతుంది పిన్ని. రోజు మొత్తంలో ఆవిడ పనేమీ చెయ్యకుండా ఊరికే నిలబడేది ఆ రెండు నిమిషాలే.

ఆ తర్వాత చేతికి తీరిక లేదు. పేడకళ్ళు ఎత్తాలి, చావిడి కడగాలి, వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గెయ్యాలి. దూడని విడిస్తే అది నాలుగు గుక్కలు తాగి, తలతో పొదుగుని కుమ్ముతుంది. గేదె చేపుతుంది. చేపడం అనే మాటలో పెద్ద శాస్త్రమే ఉంది. దూడ తాకిడికి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు చన్నుల్లోకి దిగుతాయి. ఆ ప్రభావం కొద్ది నిమిషాలే. ఆ లోపు పితికెయ్యాలి. అందుకే పాలు తీసేటప్పుడు పిన్నితో ఎవరూ మాట్లాడరు. ఖాళీ చెంబులో మొదటి ధార టంగున మోగుతుంది. చెంబు నిండేకొద్దీ ఆ మోత మెత్తబడి, చివరికి నురగలో ధార దిగిన చప్పుడు మాత్రమే మిగుల్తుంది. చన్ను ఒకటి దూడకి వదిలెయ్యడం ఆవిడ నియమం.

చావిడి దూలానికి ఓ రేడియో వేలాడుతుంది. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఈ ఊళ్ళకి పాటలతో పాటు గడియారాన్నీ ఇచ్చింది. భక్తిరంజని అయ్యేలోపు పాలు తియ్యాలి, ప్రాంతీయ వార్తలు అయిపోయి సంస్కృత వార్తలు మొదలయ్యేలోపు క్యాను పాలకేంద్రానికి చేరాలి. అక్కడ వెన్న శాతం చూసి చీటీ ఇస్తారు. గేదె పాలకి ఏడు వస్తే పిన్ని ముఖం వెలుగుతుంది. తగ్గితే ఇంటికొచ్చి చెక్క పెంచుతుంది.

పదిహేను రోజులకోసారి వచ్చే పాల డబ్బు పిన్నిదే. ధాన్యం డబ్బు బాబాయి చేతికి వస్తుంది, ఎరువుల కొట్టు బాకీకీ కౌలుకీ వెళ్ళిపోతుంది. పాల డబ్బుతో మా చెల్లెలి కాలేజీ ఫీజు కట్టింది, బాబాయి కంటి ఆపరేషన్ అయింది, వంటింటికి గచ్చు వేశారు. బాబాయే ఓసారి నాతో అన్నాడు: "పొలం మన పరువు నిలబెట్టిందే అమ్మాయ్, ఇల్లు నిలబెట్టింది ఆ గేదె." గేదె అన్నాడు గానీ ఆయన కళ్ళు పిన్ని వైపే ఉన్నాయి.

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశవ్యాప్తంగా జనం ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో లెక్క తీసింది. జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. దాదాపు అయిదు గంటలు. దొడ్డి ఉన్న ఇంట్లో ఆ అయిదు గంటలు పొద్దెక్కేసరికే అయిపోతాయనిపిస్తుంది నాకు.

పొట్లకాయకి రాయి

పెరడంటే కూరల మడి ఒక్కటే అనుకుంటారు పట్నంవాళ్ళు. మా పిన్ని పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన అరటి, అంట్లు తోమే నీళ్ళు పారేచోట కంద, బావి గట్టున కరివేపాకు, గోడవారన మునగ, దడి మీద దొండ, చావిడి కప్పు మీదికి పాకించిన గుమ్మడి. ఏ చెట్టు ఎక్కడుందో చూస్తే ఏ నీళ్ళు ఎటు పారతాయో తెలిసిపోతుంది.

మధ్యలో పందిరి. దాని మీద పొట్లపాదు. లేత పొట్లకాయ వేలు పొడవున్నప్పుడే వంకర తిరగడం మొదలెడుతుంది. అప్పుడు పిన్ని చిన్న రాయి ఏరి, అరటినార చీల్చి, కాయ కొసకి కడుతుంది. రాయి మరీ బరువైతే పిందె తెగిపోతుంది, తేలికైతే కాయ మెలిక తిరుగుతుంది. అరచేతిలో పెట్టుకుని తూచినట్టు చూసి ఎంచుతుంది. నార ముడి బిగించకూడదు, పెరిగేకొద్దీ కాయకి కోసుకుంటుంది. పందిరి కింద నిలబడి చూస్తే పది పన్నెండు రాళ్ళు గాలికి మెల్లగా ఊగుతూ ఉంటాయి. వంగి నడవకపోతే నుదుటికి తగుల్తాయి. ఆ దెబ్బలు తిననివాళ్ళు మా ఇంట్లో లేరు.

అన్నిటికంటే ముందు కాసిన మంచి కాయని మాత్రం కొయ్యదు. దానికి గుడ్డపీలిక కడుతుంది, విత్తనానికని గుర్తు. అది పండి ఎర్రబడి పగిలేదాకా పందిరి మీదే ఉండాలి. గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, పిడకల బూడిదలో కలిపి సీసాలో పోసి అటక మీద పెడుతుంది. చిక్కుడుకి పేనుబంక పట్టినా అదే బూడిద, పొద్దున్నే ఆకుల మీద మంచు ఆరకముందే చల్లుతుంది. ఆ చిక్కుడు ఆకులే రథసప్తమి నాడు పరమాన్నానికి విస్తళ్ళు. ఆ పరమాన్నం వండేది ధనుర్మాసమంతా వాకిట్లో పెట్టిన గొబ్బెమ్మలు ఎండిన పిడకల మీద. ఈ దొడ్లో బయటికి పోయేదేదో వెతకాలంటే కష్టపడాలి.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. సముద్రం వైపు జరిగేకొద్దీ డెల్టాలో బోరు నీళ్ళు ఉప్పెక్కుతాయి. కాబట్టి తాగడానికీ, గొడ్లకీ, పాదులకీ కాలువే దిక్కు. 1957లో పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చినా వేసవిలో కాలువలు కట్టెయ్యడం తప్పలేదు. కట్టేసేముందు ఊరి చెరువు నింపుకోవాలి. కాలువలు వదిలిన రోజు ఊళ్ళో పండగ. పట్టిసీమ ఎత్తిపోతలు వచ్చాక గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసి మా కాలువ దాకా వస్తున్నాయి. కొత్తనీళ్ళు ఎర్రగా, మడ్డిగా ఉంటాయి. కొళాయిలు లేనప్పుడు మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది. కాసేపటికి మడ్డి అడుక్కి దిగి పైన తేటనీళ్ళు నిలిచేవి. ఆ అరిగిన గింజ ఇప్పటికీ పిన్ని పోపులపెట్టెలో ఉంది.

దాలి మీద పాలు

ఇంట్లోకి ఉంచుకున్న పాలు దాలి మీదికి వెళ్తాయి. పెరట్లో ఓ మూల గుంట. అందులో పిడకలు పేర్చి, నిప్పేసి, మంట లేవకుండా పైన ఊక చల్లి, పాలకుండ పెట్టి చిల్లుల మూత వేస్తారు. పొద్దున పెట్టిన పాలు సాయంత్రం దాకా కాగుతూనే ఉంటాయి. పొంగవు, మాడవు. దీపాల వేళకి మూత తీస్తే పాలు లేత ఇటుక రంగుకి తిరిగి, పైన అట్టులా మందపాటి మీగడ కట్టి ఉంటాయి. తోడు పెడితే మర్నాటికి ఆ పెరుగుని గరిటెతో కొయ్యాలి. పొగ వాసన లీలగా ఉంటుంది. ఆ పెరుగన్నంలో మాగాయ టెంక ఉంటే ఇక ఏ కూరా అక్కర్లేదు.

దాలి పాల రుచి గురించి చాలామంది మురిసిపోతూ చెబుతారు. నాకు మాత్రం పిన్ని మాటే గుర్తుంటుంది: "గ్యాసు మీద పెడితే పొంగకుండా నిలబడి చూసేదెవరే? దాలయితే దానికదే చూసుకుంటుంది." నాట్లకీ కలుపుకీ వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే ఆడమనిషికి మనిషి కాపలా అక్కర్లేని పొయ్యి కావాలి. ఆ అవసరంలోంచి దాలి పుట్టి ఉంటుందని నా నమ్మకం. రుచి దాని వెంట వచ్చింది.

వెన్న కాచే రోజున చివర్లో గుప్పెడు మునగాకు వేస్తుంది. ఆకు చిటపటలాడి ఆగిపోతే నెయ్యి దించాలని గుర్తు. వడగట్టాక అడుగున మిగిలే గసిలో వేడన్నం, కాస్త బెల్లం వేసి కలిపి ముద్దలు చేసి పెడుతుంది. నా వయసు నలభై దాటింది. ఆ ముద్ద కోసం ఇప్పటికీ నేను చెయ్యి చాపుతాను.

ఆవకాయ గురించి నేను రాయను, అది రాయని వేసవి తెలుగు పత్రికల్లో లేదు. కలిపిన పళ్ళెంలో వేడన్నం వేసి అందరికీ ముద్దలు పెట్టడం ఒక్కటి మాత్రం ఏ ఇల్లూ మానకూడదని కోరుకుంటాను. మినుము గురించి చెప్పాలి. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న చేలో మినుములు చల్లుతారు. వరి కోసేశాక ఆ మిగిలిన పదునుతో, రాత్రి మంచుతో మొలిచి పండే పంట అది. నీళ్ళు పెట్టరు. ఇంటికి ఉంచుకున్న మినుములు సంక్రాంతికి గారెలు, మాఘంలో వడియాలు, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు మినపరొట్టె. రొట్టె కాల్చేటప్పుడు మూత మీద కూడా నిప్పులు పొయ్యాలి, అప్పుడే పైనా కిందా ఎర్రగా కాలి లోపల మెత్తగా ఉంటుంది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే రోజుల్లో చేలో దొరికిన చెరుకు పానకంతో తినేవాళ్ళం.

కోడి పొదిగిన రోజుల సరదా వేరు. గంపలో గడ్డి వేసి పదకొండో పదమూడో గుడ్లు పెడుతుంది పిన్ని, సరిసంఖ్య పెట్టదు. ఇరవై ఒక్క రోజులు. వారం దాటాక ఓ రాత్రి మమ్మల్ని పిలిచి, గుడ్డుని టార్చిలైటు మూతికి ఆనిస్తుంది. పెంకు లోపల ఎర్రటి సన్నని నరాలు, మధ్యలో నల్లటి చుక్క. ఆ చుక్క కదిలినప్పుడు పిల్లలందరూ ఊపిరి బిగపట్టేవాళ్ళం. ఏమీ కనపడని గుడ్డుని పక్కన పెట్టేది.

వామి తగ్గింది

ఈ దొడ్డికి ఇప్పుడు వచ్చిపడిన కష్టం గడ్డిది. ఒకప్పుడు కుప్పనూర్పిళ్ళు అవగానే బాబాయి వామి మీద నిలబడి గుండ్రంగా తొక్కుతూ తిరిగేవాడు, కింద నుంచి ఇద్దరు గడ్డి అందించేవాళ్ళు. వాన నీళ్ళు లోపలికి దిగకుండా పైభాగం ఏనుగు వీపులా వాలు తేల్చాలి. దాని మీద తాళ్ళేసి రాళ్ళు వేలాడదీసేవాళ్ళు. ఏడాది పొడుగునా ఒక్క పక్కనుంచే గడ్డి దుయ్యాలి. ఆ దూసిన గుహలో కోళ్ళు గుడ్లు పెట్టేవి, మేం దాక్కునేవాళ్ళం. కోత మిషన్లు వచ్చాక గడ్డి చేలోనే చెల్లాచెదురైపోతోంది. కట్టలు కట్టే మిషను వేరే పిలిపించుకోవాలి, దానికి డబ్బు వేరే. కొందరు తగలబెట్టేస్తున్నారు. గడ్డి లేక ఊళ్ళో ఎన్నో చావిళ్ళు బండ్లు పెట్టుకునే షెడ్లయ్యాయి. పిన్ని కూడా రెండు గేదెల్లో ఒకదాన్ని అమ్మేసింది. అమ్మిన రోజు అన్నం తినలేదు.

మరో వైపు నుంచి చిన్న ఆశ ఉంది. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో రాష్ట్రంలో నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పొదుపు సంఘాల ద్వారా పెరళ్ళ దాకా వచ్చింది. 2024లో దానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ మానవాళి బహుమతి దక్కింది, మరో ఇద్దరితో కలిపి. పిన్ని సంఘంలో జీవామృతం కలపడం నేర్పారు. 200 లీటర్ల నీళ్ళకి పది కిలోల ఆవు పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. పిన్నికి ఉన్నది గేదె. అందుకని వీధి చివర ఆవున్న ఇంటి నుంచి పేడ తెచ్చుకుంటుంది, బదులుగా కందపిలకలు ఇస్తుంది. వంగకి పురుగు తగ్గిందని చెబుతోంది. ఆవిడ ఊరికే పొగిడే మనిషి కాదు.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. లంకల్లో జనం గొడ్లని తోలుకుని కరకట్ట మీదికి చేరారు. పిన్ని ఊళ్ళోకి వరద రాలేదు గానీ, మురుగు కాలువలు పొర్లి వాననీళ్ళు నాలుగు రోజులు దొడ్లో నిలిచాయి. గేదెని అరుగు మీద కట్టేశారు. పొట్లపాదు కుళ్ళిపోయింది, పందిరి ఒరిగింది. అటక మీది రేకు కారి, విత్తనాల సీసాలోకి తడి చేరి గింజలన్నీ బూజుపట్టాయి.

ఫోన్లో ఆ సంగతి చెబుతూ పిన్ని ఏడవలేదు. మా అమ్మమ్మది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత బతికి ఇంటికి తిరిగొచ్చిన మనిషి ఆవిడ. వచ్చి మొదట చేసిన పని ఉప్పు పట్టిన దొడ్డి మట్టిని పారతో గీకి బయట పొయ్యడమట. ఆ కథ విని పెరిగిన కూతురు మా పిన్ని. "పందిరి మళ్ళీ వేస్తాడులే మీ బాబాయి. ఆ గింజలే పోయాయి. అవి మా అమ్మ ఇచ్చినవే" అంది, అంతే.

విజయవాడలో మేముండేది మూడో అంతస్తు. పైన డాబా మీద పదిహేను తొట్లున్నాయి. తెలుగునాట మిద్దెతోట అనే మాటని ఇంటింటికీ తెచ్చిన రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి పుస్తకం చదివాక మొదలుపెట్టినవి. రెండేళ్ళ కిందట ఊరి నుంచి వస్తుంటే పిన్ని స్టీలు క్యారియర్లో గోంగూర పచ్చడి, నెయ్యి సర్ది, చివరి గిన్నెలో బూడిద అంటిన గింజలు గుప్పెడు పోసింది. "పట్నంలో కాస్తాయా ఏంటి, అయినా వెయ్యి చూద్దాం" అంది. కాశాయి. డాబా మీద రాళ్ళు దొరక్క పాత తాళంచెవులు కట్టాను కాయలకి. పీలిక కట్టి ఒకదాన్ని పండబెట్టాను కూడా, ఆవిడ చేస్తుంటే చూసిన అలవాటు కొద్దీ.

ఆ క్యారియర్ ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు. దసరాకి వెళ్ళేటప్పుడు చివరి గిన్నెలో పొట్ల గింజలు పోసి పట్టుకెళ్ళాను. పిన్ని మూత తీసి, ఒక గింజ వేళ్ళ మధ్య తిప్పి, గోరుతో నొక్కి చూసింది.

"బూడిద కలపలేదేమే?" అంది. బూడిద తేవడానికి దాలిగుంట వైపు నడిచింది.